ఇంజను ఆపాక వచ్చే చప్పుడు

పొద్దుట్నుంచీ వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. మధ్యాహ్నం మూడవుతున్నా దీపాలు పెట్టే వేళలా ఉంది. జల్లు లోపలికి కొడుతోందని చిన్న మేస్త్రీ షెడ్డు షట్టరు సగానికి దించి, మూల పీట వేసుకుని, మసి పట్టిన ప్లగ్గులు ఇనప బ్రష్షుతో తోముతూ కూర్చున్నాడు. కరెంటు పోయి గంటయింది. ఇలాంటి రోజున బళ్ళు రావు. వచ్చినా వైపర్లు తిరగట్లేదనే వస్తాయి.

నలభై ఏళ్ళ మనిషిని పట్టుకుని చిన్న మేస్త్రీ అనడమేమిటంటే, ఎనిమిది నెలల కిందటి దాకా ఆ షెడ్డులో పెద్ద మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఇతని అన్న. ఆయన పోయినా ఇతని పేరు మాత్రం పెద్దది కాలేదు. బయటివాళ్ళకి చిన్న మేస్త్రీ, ఇంట్లోవాళ్ళకి చిన్నోడు. పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. రెండు పూటలా వదిన చేతి భోజనం. అన్న కూతురు గువ్వకి తొమ్మిదేళ్ళు, బాబాయ్ కథ చెప్తేనే గానీ ముద్ద మింగదు. ఆ వదిన, ఆ పిల్ల, ఆ వంటింట్లో గోడ పక్క పీట... వాళ్ళు తప్ప ఈ లోకంలో నా అనేవాళ్ళు అతనికి లేరు. ఆ పీట పోకుండా ఉండటానికే ఒక అబద్ధం ఆడాడు. చిన్నదేం కాదు. దాని దగ్గరికి వద్దాం, తొందరేముంది.

సందు మలుపులోనే బండి దగ్గు వినబడింది. చూడక్కర్లేదు, మన వ్యానే. ఎనిమిది మంది కూర్చునే బండి, నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పక్క తలుపు తెలిసినవాళ్ళు తోస్తేనే పడుతుంది, తెలియనివాళ్ళు తోస్తే చేతికొస్తుంది. పెళ్ళయ్యాక వదినని అన్న ఆ బండిలోనే తెచ్చుకున్నాడు. గువ్వ పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిందీ అందులోనే. చివరికి ఆయన ప్రాణం పోయింది కూడా దాని కిందే. అమ్మేద్దామని అందరూ చెప్పారు. వదిన వినలేదు. అమ్మేయకపోగా డ్రైవింగు నేర్చుకుని, గువ్వని బడికి దింపడం, తెచ్చుకోవడం, అన్నీ తనే చేస్తోంది.

షట్టరు పైకెత్తి, బండిని లోపలికి, ఎడమ గోడ వారగా పెట్టించాడు. వదిన దిగకుండా అద్దం దించింది. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమైంది వదినా? పొద్దున బాగానే వెళ్ళావుగా."

"వేడెక్కాక మిస్సింగ్ వస్తోంది చిన్నోడూ. ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కుతోంది. అది సరే, ఇంకోటుంది." స్టీరింగు కేసి చూసింది. "లోపల కొడుతోంది."

"కొడుతోందా? ఎలాగ?"

"టక్... టక్ మని. ఎప్పుడూ కాదు. ఎక్కువగా నేనొక్కదాన్నే ఉన్నప్పుడు."

చిన్న మేస్త్రీకి నవ్వొచ్చింది. "నువ్వొక్కదానివే ఉన్నావని బండికెలా తెలుస్తుంది వదినా! గువ్వ ఉంటే దాని కబుర్లలో నీకు వినబడదు, అంతే."

వదిన నవ్వలేదు. "నాలుగింటికి దాన్ని తెచ్చుకోవాలి. చూసి చెప్పు. నువ్వేది చెప్తే అదే నమ్ముతాను." ఆ చివరి మాట వదిన ఎందుకంత నెమ్మదిగా అందో అప్పుడతను పట్టించుకోలేదు.

బానెట్ ఎత్తాడు. వేడి నూనె, కాలిన రబ్బరు కలిసిన ఆవిరి గుప్పుమంది. బ్యాటరీ దీపం తగిలించి ఇంజను స్టార్ట్ చెయ్యమన్నాడు. అతను బండి చూసే పద్ధతి అన్న నేర్పిందే. ముందు చెవి, తరవాత చెయ్యి, ఆఖరున పానా. కాయిల్ కనెక్షన్లు ఒక్కొక్కటే పీకి, మళ్ళీ పెట్టాడు. పని చేస్తున్న సిలిండరుది పీకితే ఇంజను కుంటుతుంది. చచ్చిన సిలిండరుది పీకితే ఏ తేడా ఉండదు. నాలుగుసార్లూ కుంటింది. అంటే నాలుగూ బతికే ఉన్నాయి. ఇంజను ఆపించి ప్లగ్గులు విప్పి చూస్తే, మూడోది మాత్రం నూనెలో నానిపోయి ఉంది. దాన్ని జేబులో వేసుకుని, కొత్తది బిగించి, మళ్ళీ స్టార్ట్ చేయించాడు. మిస్సింగ్ పోయింది. ఈ వయసు బండికి అదొక జబ్బే కాదు.

మరి చప్పుడో?

మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు తీసుకుని, మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవి కింద ఎముకకి నొక్కిపట్టాడు. డాక్టరు గొట్టానికి మేస్త్రీలు పెట్టుకున్న బదులది. పైన టాపెట్లు టిక టిక మంటున్నాయి, మంచివే. మొన కిందకి జరిపాడు. బేరింగుల హోరు, అదీ మంచిదే. ఇంకొంచెం కిందకి...

టక్.

ఆగాడు. ఊపిరి బిగపట్టాడు.

టక్.

"వదినా, యాక్సిలరేటర్ తొక్కు."

తొక్కింది. ఇంజను గీపెట్టింది. షెడ్డంతా అదిరింది. ఆ హోరు అడుగున, తొందర లేకుండా, ఎవరో తలుపు తట్టినట్టు... టక్.

చిన్న మేస్త్రీకి ఇది నచ్చలేదు. ఇంజనులో పుట్టిన చప్పుడు ఇంజనుతో పాటే పరుగెత్తాలి. తొక్కితే పెరగాలి, వదిలితే తగ్గాలి. ఇది దేన్నీ లెక్కచెయ్యట్లేదు. దాని పాటికది, దానికి తోచినప్పుడు కొడుతోంది. అలాంటి చప్పుడు ఇంజనుది కాదు. ఇంజనుని మోసే మౌంటు రబ్బరు చిరిగైనా ఉండాలి, సైలెన్సర్ రేకు ఊడైనా ఉండాలి. కింద దూరి చూస్తే తప్ప తేలదు.

కింద దూరాలి అనుకోగానే ఒకడుగు వెనక్కి వేశాడు. ఎనిమిది నెలలుగా వేరే బళ్ళ కింద దూరుతూనే ఉన్నాడు. ఈ బండి కింద మాత్రం దూరలేదు. ఆయిల్ మార్చాలన్నా ఏదో వంక పెట్టి అవతల షెడ్డుకి పంపించేవాడు.

ఇప్పుడు ఆ అబద్ధం సంగతి చెప్పుకోవాలి.

ఆ షెడ్డులో అన్నదమ్ములకి ఒక కట్టుబాటు ఉండేది. బండిని జాకీ మీద ఎత్తాక కింద చెక్క దిమ్మ పెడతారు, జాకీ దిగినా బండి మనిషి మీద పడకుండా. ఆ దిమ్మని కింద దూరేవాడు చూసుకోడు. బయట ఉన్నవాడు చూడాలి. దూరేముందు "చూశావా?" అని ఒక్క మాట అడుగుతాడు. "చూశా" అంటే దూరిపోతాడు. పెద్ద మేస్త్రీ అనేవాడు, "ఎవడి ప్రాణం వాడు చూసుకుంటే చెయ్యి వణుకుతుందిరా. నా ప్రాణం నువ్వు చూడు, నీది నేను చూస్తా." ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది.

ఆ రోజు మన వ్యానుని జాకీ మీద ఎత్తి, దిమ్మ పెట్టి, అన్న భోజనానికి వెళ్ళాడు. ఇంతలో ఎవరో తొందర మనిషి కారు తెచ్చాడు. దాని కిందకి దిమ్మ కావాలి. గోడవారన పడున్నవి పగిలినవి. వ్యాను కింద ఉన్నది లాగి తెచ్చాడు చిన్నోడు. ఐదు నిమిషాల్లో తిరిగి పెట్టేద్దామనుకున్నాడు, పనిలో పడి మర్చిపోయాడు. అన్న వచ్చి, వ్యాను కిందకి జారే చక్రాల పలక మీద పడుకుని అడిగాడు, "చూశావా?"

తలైనా తిప్పకుండా అన్నాడు. "ఆ, చూశా."

జాకీ సీలు తెగింది. అరిచే వ్యవధి కూడా లేకపోయింది ఆయనకి.

అందరూ పరుగెత్తుకొచ్చాక, ఏం జరిగిందని అడిగితే చిన్నోడి నోటి వెంట వచ్చిన మాట ఇది. "అన్నయ్య తొందరపడ్డాడు. దిమ్మ పెట్టుకోలేదు. నేను అవతల కారు దగ్గరున్నాను." వదిన చెవిన పడ్డదీ ఆ మాటే. ఎనిమిది నెలలుగా ఆమె మొగుణ్ణి తలుచుకుని ఏడుస్తూ, "మా కోసమైనా ఆ దిమ్మ పెట్టుకోలేకపోయారా" అని దెప్పుతుంటే, చిన్నోడు తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు.

తప్పనిపించలేదా? అనిపించింది. కానీ ఒక అలవాటుంది చూశారూ, అది చెడ్డది. చిన్నప్పుడు అద్దం పగలగొడితే అన్న నెత్తిన వేసుకున్నాడు. ఆయిల్ పొయ్యడం మర్చిపోయి ఒకరి ఇంజను పట్టేసేలా చేస్తే, నేనే మర్చిపోయానండీ అని అన్నే తిట్లు తిన్నాడు. అన్నీ మోసినవాడు ఇదొక్కటీ మొయ్యడా? పోయినవాడికి కొత్తగా పోయేదేముంది? ఇలాగని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు, హాయిగా నమ్మేశాడు కూడా.

సరే. ఇంజను ఆపించి, బండి ముందు భాగం జాకీ మీద ఎత్తాడు. ఈసారి ఒకటి కాదు, రెండు దిమ్మలు పెట్టాడు. తన్ని చూశాడు. కదల్లేదు.

"నేను చూడాలా?" వదిన అడిగింది, లోపల్నుంచి.

"వద్దు వదినా, నేనే చూసుకున్నాను."

"అంతేలే. ఎవరిది వాళ్ళే చూసుకోవాలి." అని ఊరుకుంది.

దీపం, సామాను పక్కన పెట్టుకుని, చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కిందకి జారాడు. ఎడమ పక్క గోడ. కుడి పక్క జానెడు ఎత్తున వెలుతురు చార, అందులో వాన నీటి తడి. ముఖానికి బెత్తెడు దూరంలో బండి కడుపు. మట్టి పట్టిన ఇనప వాసన, పాత నూనె వాసన. వాటి అడుగున ఇంకేదో ఉన్నట్టనిపించి, ముక్కు మూసుకుని నోటితో ఊపిరి తీసుకున్నాడు.

మౌంటు నొక్కాడు. గట్టిగానే ఉంది. రేకు కుదిపాడు. ఊడలేదు.

"స్టార్ట్ చెయ్ వదినా."

స్టార్ట్ అయింది. అర నిమిషం తిరిగింది. టక్ టక్. ఇంజను ఆగిపోయింది.

"ఎందుకాపావు?"

"రెండు కొట్టావుగా."

చిన్న మేస్త్రీ చేతిలో పానా ఉంది. కానీ ఆ చెయ్యి అతని పొట్ట మీద ఉంది.

కింద ఉన్నవాడికీ సీట్లో ఉన్నవాడికీ ఇంజను హోరులో మాటలు వినబడవు. అందుకని అన్నదమ్ములు దెబ్బల లెక్క పెట్టుకున్నారు. ఒక దెబ్బ కొడితే స్టార్ట్, రెండు కొడితే ఆపు. రాను రాను అన్న దాన్ని ఇంటికి కూడా పట్టుకెళ్ళాడు. ఆయన స్నానాల గదిలో ఉండగా గువ్వ బయట నుంచి ఏదైనా అడిగితే, లోపల్నుంచి తలుపు మీద ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు. ఆ ఇంట్లో అందరికీ వచ్చు ఆ లెక్క.

"నేను కొట్టలేదు వదినా. వేడి తగ్గుతుంటే ఇనుము అలాగే అంటుందిలే."

వాన చప్పుడు. సీటు స్ప్రింగు మెల్లగా కిర్రుమంది. తరవాత వదిన గొంతు... అతనితో కాదు. చాలా నెమ్మదిగా, వంటింట్లో పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు.

"ఏవండీ. ఉన్నారా?"

టక్.

చిన్న మేస్త్రీ పానాని పొట్టకి అదిమిపట్టుకున్నాడు.

"నాలుగింటికి గువ్వని తేవాలి. గుర్తుందా?"

టక్.

"పొద్దున జ్వరంగా ఉందన్నాను కదా. తగ్గి ఉంటుందంటారా?"

టక్.

అలవాటైన మాటలు. ఈ రోజు మొదలైనవి కావు. ఎన్నాళ్ళ నుంచో రోజూ పోతూ వస్తూ, ఆ సీట్లో కూర్చుని మొగుడితో మాట్లాడుకుంటోందన్నమాట. చిన్న మేస్త్రీ పలక మీద కదల్లేదు. ఇనుము ముఖం మీదకి దిగుతున్నట్టే ఉంది. కళ్ళు తిప్పి చూశాడు. దిమ్మలు రెండూ ఉన్నాయి. ఉన్నాయి.

"ఏవండీ..." వదిన గొంతు ఇంకా తగ్గింది. "ఆ రోజు దిమ్మ పెట్టడం... మీరే మర్చిపోయారా?"

ఇక్కడే ఉంది చూడండి అంతా. ఆ క్షణంలో అతను ఏమీ చెయ్యకుండా ఉంటే సరిపోయేది. నోరు తెరిచి, "మౌంటు పోయింది వదినా, అదే కొడుతోంది" అన్నా సరిపోయేది. కానీ మనిషికి కొంప మునుగుతోందని తోచాక బుద్ధి పనిచెయ్యదు. అన్న జవాబు చెప్పేలోగా తనే చెప్పెయ్యాలనుకున్నాడు. చెయ్యి దానంతటదే లేచింది. పానాతో ఛాసిస్ మీద కొట్టాడు.

టక్.

అవును. నేనే మర్చిపోయాను.

పైన వదిన సీట్లో ముందుకి వంగినట్టుంది.

"మళ్ళీ అడుగుతున్నాను. కోపం తెచ్చుకోకండి. దిమ్మ తీసింది... మీ తమ్ముడా?"

టక్ టక్. ఈసారి చెయ్యి వణకను కూడా వణకలేదు.

చెవులు రిక్కించి విన్నాడు. ఇంకో చప్పుడు వస్తుందేమోనని. రాలేదు. అన్న కాదనలేదు. అన్న ఊరుకున్నాడు! చిన్నోడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతైనా అన్న అన్నే. పోయినా నెత్తిన వేసుకున్నాడు, ఎప్పట్లాగే. ఎనిమిది నెలల బరువు గుండె మీద నుంచి దిగినట్టయింది. చీకట్లోకి చూసి, పెదాలు మాత్రం కదిపి, "అన్నయ్యా" అన్నాడు.

"చిన్నోడూ."

ఈసారి అతన్నే పిలిచింది.

"ఆఁ వదినా."

"ఈ బండి నడపడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ రోజూ ఆయన్ని ఈ రెండు ప్రశ్నలే అడుగుతున్నాను. మీరే మర్చిపోయారా అంటే రోజూ రెండు కొడతారు. మీ తమ్ముడా అంటే రోజూ ఒకటి కొడతారు. ఒక్కరోజూ తప్పలేదు. ఇవాళే తిరగబడింది."

చిన్న మేస్త్రీ పానా ఉన్న చేతిని మెల్లగా నడుం పక్కకి దించాడు.

"నేను నమ్మలేదు చిన్నోడూ. దేవుడి తోడు, నమ్మలేదు. నాకే మతి పోయిందనుకున్నాను. చచ్చిపోయి కూడా అబద్ధాలు చెప్తున్నారని ఆయన్నే తిట్టాను. నా చేతి అన్నం తినే మనిషి అలా చేస్తాడా అని..." ముక్కు చీదింది. "నువ్వు చూసి, ఇదేదో బండి జబ్బు వదినా అంటే చాలనుకుని వచ్చాను. నమ్మేసి ఇంటికి పోదామనే వచ్చాను. అంతకంటే ఏమీ అడగలేదు నిన్ను."

వాన.

"ఆయన ఎప్పుడూ నా పాదాల దగ్గర, పెడల్ పక్కన కొడతారు. ఇందాక రెండుసార్లూ వెనకాల, నా నడుం కింద చప్పుడైంది. ఎవరు కొట్టారు చిన్నోడూ?"

చిన్నోడు పానా మళ్ళీ ఎత్తబోయాడు.

"నోటితో చెప్పు."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ఎవరాపారు? గువ్వ కళ్ళ ముందు మెదిలింది, ముద్ద నోట్లో పెట్టుకుని కథ కోసం ఎదురుచూస్తూ. ఆ పీట, ఆ గోడ. నీళ్ళు నమిలి, నమిలి, చివరికి అన్నాడు.

"అన్నయ్యే కొట్టాడు వదినా."

టక్ టక్.

సరిగ్గా అతని ముక్కుకి ఎదురుగా. బెత్తెడు దూరంలో. ఇనుము మీదున్న మట్టి రాలి అతని పెదాల మీద పడింది.

పట్టించేశాడు. అన్న పట్టించేశాడు! భయం కంటే ముందు చిన్నోడి గుండెలో మండినది ఆ మంట. ఇన్నేళ్ళూ వెనకేసుకొచ్చి, ఇప్పుడు, అన్నిటికంటే ముఖ్యమైన చోట నమ్మించి గొంతు కోశాడు. ఇదొక్కటీ మొయ్యలేకపోయావా అన్నయ్యా? ఒక్కటి! తను చేసింది గుర్తు రాలేదతనికి, ఒట్టు. అన్న చేసిందే కనబడింది.

తలుపు తెరుచుకుంది. కుడి పక్క వెలుతురు చారలో వదిన పాదాలు దిగాయి. గోధుమరంగు చెప్పులు, తడిసిన అంచు. తాళంచెవి గలగలమంది, ఆమె చేతిలోనే. నాలుగడుగులు షట్టరు వైపు వేసింది.

"వదినా... వదినా, బయటికొస్తున్నాను, ఒక్క మాట విను..."

పైన సీటు కిర్రుమంది.

వదిన పాదాలు ఆగాయి. వెనక్కి తిరిగాయి. సీటు వైపు.

"వద్దండీ." గుసగుసగా అంది.

చిన్న మేస్త్రీ గుడ్లప్పగించి ఆ పాదాల్నే చూస్తున్నాడు.

"వద్దు. నా మాట వినండి. చేసింది తప్పే. కాదనట్లేదు. కానీ గువ్వకి బాబాయ్... దానికి అన్నం వాడి కథల్తోనే దిగుతుంది. ఏమని చెప్పను దానికి?" ఆగింది. ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు ఆగింది. అతనికి మాత్రం వాన తప్ప ఏమీ వినబడలేదు. "మీరు చెప్పింది నిజమే... కాదు, ఆ మాట కాదు... ఇప్పుడు కూడా అన్నాడు, విన్నాను. మీ మీదకే తోశాడు. విన్నానండీ."

కుడి పాదం వేళ్ళు ముడుచుకుని, విప్పుకున్నాయి.

"అలాగంటారా."

"వదినా!"

"సరే." ఆమె గొంతులో కోపం లేదు. ఏడుపు కూడా లేదు. పొద్దున్నే కూర ఏం చెయ్యాలో అడిగి తెలుసుకున్నట్టు అంది. "మీ ఇష్టం."

పాదాలు షట్టరు దాటాయి. గొడుగు విచ్చుకున్న చప్పుడు. నీళ్ళలో అడుగులు, ఒకటి, రెండు, తరవాత వాన వాటిని మింగేసింది. వెనక్కి తిరుగుతుందేమోనని చూశాడు. తప్పిపోయిన ఏడేళ్ళవాడిలా పిలిచాడు. తిరగలేదు. అన్న సరే... వదిన కూడా!

బయటికి రావాలి. ఇప్పుడే రావాలి. మడమలు నేలకి తన్నిపెట్టి పలకని కుడి పక్కకి తోశాడు.

పైన బరువు కదిలింది. సీటు స్ప్రింగులు ఒక్కసారి నిట్టూర్చినట్టు లేచాయి. బండి వేలెడు పైకి తేలింది. ఎవరో దిగారు. పాదాలు కనబడతాయని చూశాడు. వెలుతురు చారలో పాదాలు లేవు. కానీ ఆ చార మధ్యలో, మనిషి వెడల్పు మేర, వెలుతురు పోయింది.

పలక ఆపేశాడు. వెనక్కి జరిగాడు. భుజం గోడకి తగిలింది. ఇంక చోటు లేదు.

దిమ్మల వైపు చూశాడు. రెండూ పెట్టినచోటే ఉన్నాయి. జాకీ దిగలేదు. బండి పడటం లేదు. అదొక్కటే ధైర్యం. ఇనుము చల్లబడుతూ చిటపటమంటోంది. నూనె బొట్టొకటి ఎక్కడో టప్పున పడింది. ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు...

కుడి పక్క, నేల మీద నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.

అరచెయ్యి పైకి. మెల్లగా. అతని నడుం దాకా వచ్చి ఆగింది. గీతల్లో నల్లగా గ్రీజు. గోళ్ళ చివర నలుపు. మేస్త్రీ చెయ్యి. మోచేతి తరవాత చీకటి.

వేళ్ళు రెండుసార్లు ముడుచుకుని విప్పుకున్నాయి. ఇవ్వు, ఇవ్వు అన్నట్టు.

మేస్త్రీలందరికీ ఆ సైగ తెలుసు. కింద ఉన్నవాడు పానా కావాలంటే బయటికి చెయ్యి చాస్తాడు. బయట ఉన్నవాడు పని అయిపోయిందని తోచినప్పుడు లోపలికి చాస్తాడు. సామాను ఇచ్చెయ్యి, ముగించేద్దాం అని.

చిన్న మేస్త్రీ చేతిలో పానా ఉంది, ఇందాక అబద్ధం కొట్టినది. దాన్ని ఆ అరచేతిలో పెట్టాడు. వేళ్ళు ముడుచుకున్నాయి. చల్లగా లేవు. అదే ఎక్కువ భయపెట్టింది అతన్ని. చెయ్యి బయటికి వెళ్ళింది. సిమెంటు మీద పానా పెట్టిన చప్పుడు, జాగ్రత్తగా.

చెయ్యి మళ్ళీ వచ్చింది.

స్క్రూడ్రైవరు ఇచ్చాడు. బయట పెట్టిన చప్పుడు, పానా పక్కన.

మళ్ళీ వచ్చింది. ప్లగ్గు పానా ఇచ్చాడు. తరవాత కటింగు ప్లయరు. తరవాత తుడుచుకునే గుడ్డ. జేబులో ఉన్న పాత ప్లగ్గు. ఇంటి తాళంచెవి, వదిన ఇచ్చిన తాళంచెవి కూడా ఇచ్చేశాడు. ఒక్కొక్కటీ బయట వరసగా సర్దుతున్నారు ఎవరో. తొందర లేదు.

"అన్నయ్యా..." అన్నాడు. "అన్నయ్యా, నేనే తీశాను. దిమ్మ నేనే తీశాను. చూడలేదు, చూశానని చెప్పాను. నేనే."

చెయ్యి ఆగింది. ఒక్క క్షణం. బయట ఎక్కడో బడి గంట మోగింది, నాలుగయింది.

చివరికి దీపం ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా ఇచ్చేశాడు. బయట, మిగతా సామాను చివర, ఆర్పకుండా నిలబెట్టారు దాన్ని. ఆ వెలుతురు ఇటు కాళ్ళ వైపు నుంచి పాకింది.

తడుముకున్నాడు. పలక మీద తను తప్ప ఏమీ లేదు. జేబుల్లో ఏమీ లేదు.

చెయ్యి మళ్ళీ లోపలికి వచ్చింది. అరచెయ్యి పైకి. వేళ్ళు రెండుసార్లు ముడుచుకుని, విప్పుకున్నాయి.